గోడలో రావి

అమ్మాజీకి,

ఇక్కడ నేనూ మన పాపా క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వు వేళకింత తింటున్నావని నమ్ముతున్నాను. నువ్వు పనిచేసే ఇంటావిడ నీ ఫోన్ ఇంకా తిరిగివ్వలేదని, నీ ఉత్తరం తెచ్చిచ్చిన విజయగారు చెప్పారు. విజయగారు సెలవు అయిపోయి రేపు మళ్లీ కువైట్ బయల్దేరుతున్నారు. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. ఎవరూ లేనప్పుడు చదివి చింపెయ్యి.

పాప బడికి వెళ్తోందా అని అడిగావు. వెళ్తోంది. జడలు వెయ్యడం నాకు చాతకాక పక్కింటి కుమారి చేత వేయిస్తున్నాను.

వెనక గది గోడలో మొలిచిన రావిమొక్కని పీకేశారా అని కూడా రాశావు. నువ్వు వెళ్లేటప్పటికి అది పైపు పక్కన రెండాకుల మొలక. తర్వాత నా మణికట్టంత లావైంది. వేళ్లు ఇటుకల సందుల్లో దూరి గదిలోపలికి వచ్చేశాయి. తాపీమేస్త్రి గంగరాజుగారిని తీసుకొచ్చి చూపించాను. పైపైన కొట్టేస్తే మళ్లీ చిగురేస్తుందని, గోడ విప్పి కట్టాల్సిందేనని అన్నారు. సరేనని నేను గునపం తీసేసరికి అత్తయ్య అడ్డం నిలబడింది.

"నా కూతురు ఆ దేశంలో ఇరుక్కుపోయిందని దేవుడు తనంతట తానొచ్చి మన గోడలో నిలబడ్డాడ్రా. అమ్మాయొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు," అంది.

రోజూ స్నానం చేసి, స్టూలెక్కి, చెంబుతో నీళ్లు పోసేది. మొక్క చుట్టూ తిరగడానికి వీల్లేదని ఇల్లంతా చుట్టి వచ్చేది. ఆవిడ మొహం చూసి గునపం మూల పెట్టేశాను.

పైన క్షేమం రాసినచోట అత్తయ్య పేరు రాయలేదు. నువ్వు చూసే ఉంటావు. ఎక్కడైనా కూర్చుని మిగతాది చదువు.

మొన్నటి ముసురుకి ఆ గోడ నాని కూలిపోయింది. పాప బడిలో ఉంది. అత్తయ్య లోపల మంచం మీద ఉంది. స్లాబు అంచు విరిగి నడుం మీద పడింది. నేనూ చుట్టుపక్కలవాళ్లూ ఇటుకలు తీసి బయటికి లాగాం. ఇప్పుడు కాకినాడ పెద్దాసుపత్రిలో ఉంది. నడుం కింద స్పర్శ లేదు. ఊపిరితిత్తులు కూడా పాడవుతున్నాయట. రావాల్సినవాళ్లుంటే రప్పించుకోమన్నారు డాక్టరుగారు.

నిన్ను పంపిన ఏజెంటుకి ఫోన్ చేసి ఏడ్చాను. గడువు తీరేదాకా పాస్‌పోర్టు ఇవ్వరని చెప్పి పెట్టేశాడు. నేను తిరగని ఆఫీసు లేదు. కాగితం తీసుకుంటున్నారు, చూస్తామంటున్నారు. నాకింకో దారి తోచడం లేదు అమ్మాజీ. నువ్వే బయటపడాలి. చెత్త పడెయ్యడానికి పొద్దున్నే తలుపు తీస్తారని రాశావు కదా. శుక్రవారం ఆ వేళకి విజయగారు వీధి చివర టాక్సీలో ఉంటారు. సామాను ఏదీ తెచ్చుకోకు. ఆవిడ తిన్నగా మన ఎంబసీకి తీసుకెళ్తారు. భయపడకు అని రాద్దామనుకున్నాను. నాకే భయంగా ఉంది.

నిన్న అత్తయ్య కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాజీ బయల్దేరిందా?"

"ఆయ్, బయల్దేరిందత్తా. దారిలో ఉంది," అన్నాను.

తల తలుపు వైపు తిప్పించుకుంది. ఇప్పటికీ అటే చూస్తోంది.

ఇట్లు,
ఆసుపత్రి వరండాలోంచి
నీ బావ
రాఘవులు