మూడు నెలలకే వదిలిన గది

కొండాపూర్, 30-10-2011

అమ్మా,
నేను క్షేమం. సమ్మె ముగిసి బస్సులు నడుస్తున్నాయి, దిగులు పడొద్దు. ఇక్కడ కంపెనీ పని మూడు నెలలకే అయిపోయింది. మంచం, పొయ్యితో ఇచ్చిన ఈ గదిలో ఆరు నెలలుంటానని రాసిచ్చాను కదా! పైగా సీమ పిల్లను, ఉద్యమం రోజులు, ముందే ఖాళీ చేస్తానంటే ఓనరు కొమురమ్మగారు ఏమంటారోనని జంకాను. అక్క కాన్పు సంగతి చెప్పగానే, "ఏంది బిడ్డా, కాగితం కోసం కాన్పుకు పోకుంట కూసుంటవా? ఫికర్ చెయ్యకు, పో!" అని నవ్వేశారు. నా బదులు ఉండేందుకు, శిక్షణకు వచ్చిన వరంగల్ నర్సు భవానిని తీసుకొచ్చి చూపించాను. ఆమెకు గది నచ్చింది.

శుక్రవారం నంద్యాలలో దిగుతాను. అక్క కాళ్ల వాపు తగ్గిందా? నాన్నకు నమస్కారాలు. పొత్తిళ్లకు బట్ట కొనకండి. కొమురమ్మగారు తన మెత్తటి పాత చీర ఉతికి ఇచ్చారు.

మీ హిమజ