సొట్ట డబ్బ

అత్తమ్మా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీకిష్టమని పాయసం చేద్దామని కుండల చెయ్యి పెడితే బియ్యం అడుగంటినయ్. రేషన్ దుకాణంల కంట్రోల్ బియ్యం రావాల్నంటే ఇంకా పది రోజులు.

తప్పు నాదే. పోయిన నెల మన కాశిబుగ్గ గల్లీల గిన్నెలకు మాట్లేసేటాయన కేకేస్తే, నువ్వు బియ్యం కొలిచే డబ్బ ఇచ్చి, అడుగున లోపలికి పోయిన సొట్ట తీయమన్న. నువ్వుంటే సంబురపడుదువు అనుకున్న.

నీ లెక్కనే పూటకు నాలుగు డబ్బలు పోసిన. "అమ్మా, ఇప్పుడు అన్నం మస్తుగ ఉంటాంది" అని పిల్లలంటే నా చేతి చలువ అనుకున్న. ఆ సొట్ట నువ్వే కొట్టినవని ఇయ్యాల సమజైంది. నీ కొడుకు మగ్గం కూలి అంతంతే అయినా, నువ్వున్నప్పుడు ఇంట్ల తక్కువైందని ఎన్నడు ఎరుగకపోతిమి.

మళ్ల సొట్ట పెడదామని రోకలి తీసిన. చిన్నది పక్కకొచ్చి, "మంచి డబ్బను ఎందుకమ్మా కరాబు చేస్తానవ్?" అన్నది. నెలరోజుల సంది కడుపు నిండ తింటున్న పిల్ల.

రోకలి పట్టుకోని అట్లనే కూసున్న అత్తమ్మా. ఎంత లోపలికి కొట్టాల్నో నీకొక్కదానికే ఎరుక.