కేస్ పేపర్ మూలన నువ్వు రాసిన పేర్లు

నాయినా,

నమస్తే. నువ్వు పోయి పద్నాలుగు నెలలు దాటింది. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ఏడుపు తప్ప ఇంకేమీ లేకపోయింది... ఇప్పుడు ఒక కబురు ఉంది. నువ్వు వినకుండానే వెళ్లిపోయిన కబురు.

ముందు ఇంటి సంగతులు. అమ్మకు మోకాళ్ల నొప్పి తప్ప ఇంకే బాధా లేదు. పొద్దున కుళాయి వచ్చే వేళకు ఇప్పటికీ నిన్ను లేపబోయి ఆగిపోతుంది. మన చాల్‌లో, ఈ వరస గదుల పాత మేడలో, సగం గదులకు తాళాలు పడ్డాయి. కూల్చి కొత్తది కడతామంటున్నారు. నేను పుట్టక ముందు నుంచీ ఆ మాట అంటున్నారని నువ్వే చెప్పేవాడివి కదా?

నాకు పని దొరికింది. ఎక్కడనుకున్నావు? నీ దవాఖానలోనే.

నువ్వు ముప్పై ఏళ్లు కేస్ పేపర్లు రాసిన కిటికీ దగ్గర కాదులే, వెనక గదిలో. ఒక మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్ మేడం వచ్చారు. మన దవాఖానకు ఇన్నేళ్లుగా వచ్చినవాళ్ల కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలట. ఎవరి జబ్బు తగ్గింది, ఎవరిది తగ్గలేదు, ఒకే గోళీ మింగినా ఒక గల్లీవాళ్లు కోలుకుని పక్క గల్లీవాళ్లు ఎందుకు కోలుకోలేదు... అది చూడాలట. పెద్దాసుపత్రిలో చేరినవాళ్ల గురించి అందరూ రాస్తారు, జ్వరం రాగానే పేదవాడు మొదట తొక్కే గడప ఇది, దీని గురించి ఎవరూ రాయరు అన్నారావిడ. తెలుగు పేర్లు తెలిసిన టైపిస్టు కావాలంటే నేను వెళ్లాను. రోగుల పేర్లు ఆ గది దాటి బయటికి చెప్పనని సంతకం పెట్టించుకున్నారు.

నీకు చెప్పడంలో తప్పు లేదనుకుంటాను. ఆ పేర్లు నాకు చెప్పిందే నువ్వు.

మొదటిరోజు ఇనప బీరువా తెరిచారు. గుడ్డ మూటల్లో కాగితాలు. ఒక మూట విప్పాను. పైన ఇంగ్లీషులో పేరు, వయసు. కింద డాక్టరుగారి గీతలు. ఎడమ మూలన పెన్సిల్‌తో, చిన్నగా, తెలుగులో... నీ చేతిరాత.

"బండారి ఎల్లమ్మ. పాలమూరు దిక్కు. పన్నెండో గల్లీ, మూడో మాళా, మెట్ల పక్క అర్ర. నాకా మీద కూలి."

ఇంకో కాగితం తీశాను. దాని మీదా ఉంది. ఇంకోటి... అన్నింటి మీదా. ఎవరు, ఏ ఊరివారు, ఏ గల్లీ, ఏ అంతస్తు, పొద్దున్నే కూలి కోసం నాకా కూడలిలో నిలబడతారా, గోనెసంచులు కుడతారా. మరాఠీ ఊరి మధ్య మనం పుట్టి పెరిగిన ఈ తెలుగు పేట అంతా ఆ మూటల్లో ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. నీకు ఇదంతా రాయమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదట. అడిగాను. మూలన ఉన్నవి పిచ్చిగీతలని, వాటిని వదిలేయమని నాకు చెప్పారు.

వాళ్ల తప్పేముంది? అక్కడ తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. నేను చదివింది మరాఠీ బడిలో. గది బయట గ్యాలరీలో పలక పట్టుకుని కూర్చోబెట్టి నాకు 'అ ఆ'లు దిద్దించింది నువ్వు. అప్పుడు ఎంత విసుక్కున్నానో...

మూడు నెలలు టైపు చేశాక మేడం మొదటి ఫలితం చూపించారు. తెలుగు కూలివాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, షుగరుకైనా బీపీకైనా మందులు రెండు మూడు నెలలు తిని మానేస్తున్నారట. ఈమధ్య ఏళ్లలో ఇది మరీ పెరిగిందట. అలాగే రాసి పైకి పంపుతామన్నారు. ఆవిడ మంచి మనిషి నాయినా. బాధతోనే చెప్పారు.

నాకు నీ ముఖం కళ్లముందు ఆడింది. పనిలో ఉన్న చివరి ఏడాది ఎవరో ఇదే మాట నీ ఎదుటే అన్నారు. ఇంటికి వచ్చి, చాయ్ ముట్టకుండా కూర్చుని అన్నావు. "మనోళ్లు మందు నడిమిట్ల ఇడిశిపెడ్తరంట బిడ్డా. అందరు గట్లనే అంటున్నరు. నాకైతే మనసొప్పుత లేదు. కానీ సబూత్ ఏడున్నది నా తాన?"

రుజువు చేతిలో లేక ఆ తర్వాత దాని గురించి నువ్వు మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే మర్చిపోయావనుకున్నాను. మర్చిపోలేదు కదూ?

ఆ రోజు నుంచి నేను మందు మానేసినవాళ్ల జాబితా పట్టుకుని కూర్చున్నాను. అందులో నీ ఎల్లమ్మ ఉంది. నువ్వు పనిలోంచి దిగిపోయిన కొన్ని నెలలకే మాయమైంది. ఆమె మాయమైన నెలలోనే ఎలామా అని ఒకామె కొత్తగా వచ్చింది. అదే వయసు. అదే పన్నెండో గల్లీ. రెండు నెలలు వచ్చి ఆమె కూడా మాయం. వెంటనే యల్మా భండారే. ఇంటిపేరు చూసి ఆమెను మరాఠీ మనిషిగా లెక్కేశారు. ఆ తర్వాత అలమ్మ... ప్రతి ఒక్కరికీ షుగరే. ప్రతి ఒక్కరిదీ మూడో మాళాయే.

ఈ నలుగురూ ఒక్క ఎల్లమ్మేనా అని నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను.

రెండు రోజులు నోరు విప్పలేదు. పన్నెండు చదివిన టైపిస్టు, డాక్టర్లు తేల్చిన మాట తప్పని ఎలా అంటుంది? చివరికి చెప్పాను. మేడం ఆ నాలుగు కాగితాలూ తనే మళ్లీ తీసి చూశారు. దవాఖానవాళ్ల అనుమతి తీసుకుని, ఒక నర్సును వెంట ఇచ్చి నన్ను పంపారు.

ఆదివారం వెళ్లాం, ఎల్లమ్మ ఇంట్లో ఉండేది ఆ రోజే అని. ఆ మెట్లు నీకు గుర్తున్నాయా? తాడు పట్టుకుని ఎక్కాలి. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎడమ కాలికి గుడ్డ చుట్టి ఉంది. చిటికెన వేలు లేదు.

నీ బిడ్డనని చెప్పి, మందులు ఎప్పుడు మానేశావమ్మా అని అడిగాను. ఆమె నన్ను తిట్టినంత పని చేసింది. లేచి, కుంటుకుంటూ వెళ్లి, మేకుకు తగిలించిన, మందుల చీటీలతో నిండిన ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నాగా పెట్టలే తల్లీ, ఒక్క నెల గూడ. నా పేరు ఏమన్న రాసుకోని, గోళీ ఇచ్చిరి, మింగితిని. మీ నాయిన ఉన్నప్పుడు గిట్ల లేకుండె. నా మొఖం జూడంగనే కాయితం తీస్తుండె."

పాత రోగినని డాక్టరుకు చెప్పలేదా అని ఆమెను అడిగాను.

"చెప్పకేమి? నా భాషల చెప్పిన. వాళ్లకు ఎక్కలే."

నర్సుకు విషయం నాకంటే ముందే అర్థమైంది. కిటికీ దగ్గరివాళ్లు పేరు తమకు వినిపించినట్టు రాసుకుంటారు, ఆ పేరుతో పాత కాగితం దొరక్కపోతే ప్రతిసారీ కొత్త కాగితం. డాక్టరు ముందు ప్రతిసారీ కొత్త మనిషి. కొత్త మనిషికి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. తగ్గకపోతే రెండు మూడు నెలలు చూసి పెంచుతారు. ఆ పెంచే వేళకు ఆమె ఇంకో పేరుతో ఇంకో కొత్త మనిషి అయిపోయేది. ఒక్క నెల కూడా తప్పకుండా మందు తిన్న మనిషికి షుగరు ఎప్పుడూ దిగలేదు. వేలు పోయింది...

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి నాయినా? నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఎల్లమ్మ పని మానుకుని తనే సంచి పట్టుకుని వచ్చింది. మేడం ఆ చీటీలన్నీ తారీఖుల వరసలో బల్ల మీద పేర్చారు. బల్ల చాలలేదు. కింద చాప పరిచి మిగతావి పేర్చాం. ఎన్ని పేర్లో! కానీ ఒక్క నెల ఖాళీ లేదు. మేడం ఆ చాప పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగాను.

లెక్క మొత్తం మళ్లీ మొదలైంది. ఎల్లమ్మను ఎన్ని రకాలుగా రాయొచ్చు, మల్లమ్మను, నర్సవ్వను, ఈరయ్యను ఎన్ని రకాలుగా వినొచ్చు... నేను చెప్తుంటే మేడం రాసుకున్నారు. నీ మూలరాతలు చదివి గల్లీ, మాళా, అర్ర సరిచూసుకుంటూ విడిపోయిన కాగితాలను ఒక్కటి చేస్తూ వచ్చాం. చీలిపోయిన మనుషులు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మానేశారన్నవాళ్లలో ఎంతోమంది మానలేదు నాయినా. వస్తూనే ఉన్నారు. వాళ్లను పోగొట్టుకున్నది మనం.

ఇంకో సంగతి. ఇది రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

మేడం తెర మీద ఒక గీత చూపించారు. నెలనెలా ఎంతమంది తప్పిపోయినట్టు కనిపించారో చూపే గీత, పాత లెక్క ప్రకారం. ఎన్నో ఏళ్లు అది నేలబారుగా నడిచింది. ఒక నెలలో, మెట్టు ఎక్కినట్టు, ఒక్కసారిగా పైకి లేచింది. మళ్లీ దిగలేదు.

ఆ నెల ఏం జరిగిందని ఆవిడ అందరినీ అడిగారు. వరదలా? మందుల కొరతా? కంప్యూటర్ వచ్చిందా? కిటికీ దగ్గర పేర్లు ఎక్కించే కంప్యూటర్ అంతకు ఏడాది ముందే వచ్చింది. గీత అప్పుడు కదల్లేదు. టైపు చేసేవాడి పక్కన నువ్వు నిలబడి ప్రతి పేరూ అక్షరం అక్షరం చెప్పేవాడివి కదా... "పేరు మల్లొకసారి చెప్పమ్మా. ఆగి చెప్పు, తొందరేం లేదు" అంటూ.

నేను నెల చూశాను. సంవత్సరం చూశాను. 

ఆ నెల మా నాయిన రిటైరయ్యారు, అన్నాను.

 మేడం గీత వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. ఆ మెట్టు మీద వేలు పెట్టారు.

ఒక్క మనిషి కుర్చీలోంచి లేచి వెళ్తే ఇంత పెద్ద పేట గీత కదులుతుందా నాయినా? నీకు దండ వేసి, బొబ్బట్లు పెట్టి పంపించారు. నువ్వు బొబ్బట్లు మాకు తెచ్చి, "అయిపాయె, ఇగ రేపటి సంది పని లేదు" అని నవ్వావు. ఆ రోజే ఫోరస్ రోడ్ ఇవతల, మన పేటలో ఇంతమంది పేరు లేనివాళ్లయిపోయారని మనలో ఎవరికి తెలుసు? నీకైనా తెలుసా?

మేడం నివేదికలో ఆ మాట రాశారు. రోగుల భాష తెలిసిన ఉద్యోగి విరమించిన తర్వాత ఈ మార్పు వచ్చింది అని. నీ పేరు లేదు. అక్కర్లేదు కూడా అనిపించింది. తెలుగు కూలివాళ్లు మందులు మానేస్తారన్న వాక్యం కొట్టేశారు. నేను ఆ పేజీ అమ్మకు చదివి వినిపించాను. ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చుకుంటూ. అమ్మ పేజీని రెండు చేతులతో తీసుకుని నీ ఫోటో ముందు పెట్టింది.

ఎల్లమ్మకు మోతాదు పెంచారు. కాలి పుండు మూసుకుంటోంది. పోయిన వేలు రాదు కదా...

అందరూ దొరకలేదని కూడా నీకు చెప్పాలి. కొందరు నిజంగానే మానేశారు. దవాఖాన తెరిచి ఉండే వేళకు వాళ్లు పనిలో ఉంటారు. ఒకపూట సాయంత్రం తెరవాలని మేడం రాశారు, ఇంకా జవాబు రాలేదు. కొందరు గదులు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు. కొందరు చనిపోయారు.

నిన్న ఒక మూట అడుగున కొన్ని కాగితాలు విడిగా దారం కట్టి కనిపించాయి. వాటి మీద ఇంకో వరస కూడా ఉంది. "రెండు నెలలాయె, రాలే. పోయి చూడాలె." దాని కింద, వేరే రోజు రాసింది: "పోయిన. జరం తోటి పండుకున్నది. రమ్మన్న." సాయంత్రాలు నువ్వు షికార్లు తిరుగుతున్నావని అమ్మ గొడవ పెట్టుకునేది చూడు, అప్పుడు వెళ్లింది ఇక్కడికా? ఎందుకు చెప్పలేదు మాకు?

చివర్లో ఏడు కాగితాల మీద "పోయి చూడాలె" అని మాత్రమే ఉంది. కింద ఏమీ లేదు. తారీఖులు చూస్తే, నీకు మెట్లు ఎక్కడం చేతకాని రోజులవి.

వచ్చే సోమవారం నుంచి పొద్దుటిపూట నన్ను కిటికీ దగ్గర కూర్చోమన్నారు. కూర్చుంటాను, నాయినా. పేరు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడుగుతాను.

ఈలోగా ఆదివారం ఆ ఏడు ఇళ్లకూ వెళ్తున్నాను, నర్సును తోడు తీసుకుని. ఇన్నేళ్ల తర్వాత అక్కడ ఎవరున్నారో, లేరో... వెళ్లి, చూసి, నీ రాత కింద నా రాతతో ఏం చూశానో రాస్తాను.

నీ బిడ్డ,
పద్మ