రెండు అంగుళాల అబద్ధం

క్రీడాధికారి గారి సముఖమునకు,
మహిళా వాలీబాల్ జట్టులో ఏడో నంబరు క్రీడాకారిణి దాఖలు చేసుకొను అర్జీ.

విషయం: నా జంప్ కొలతలో పదకొండేళ్ళ కిందట దొర్లిన, అనగా నేనే దొర్లించిన, తప్పును సరిదిద్దుట గురించి.

అయ్యా,

1. జట్టులో చేరే రోజున ప్రతి అమ్మాయినీ గోడ పక్కన నిలబెట్టి, వేళ్ళకు సుద్దపొడి రాసి, చెయ్యెత్తించి ఒక గుర్తు పెట్టిస్తారు. తర్వాత ఎగిరి ఇంకో గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరమే మా జంప్. నా ఫైలులో అది ఇరవై ఒక్క అంగుళాలుగా నమోదై ఉన్నది.

2. మూడు నెలల కిందటి పరీక్షలో పదిహేను వచ్చినది. మొదటి కొలత కంటే అయిదుకు మించి తగ్గినవారిని తొలగించవలెనను నిబంధన ప్రకారం నాకు నోటీసు అందినది.

3. సదరు ఇరవై ఒకటి అబద్ధం. నిలబడి చెయ్యెత్తేటప్పుడు భుజం కాస్త జారవిడిస్తే కింది గుర్తు ఇంకా కిందికి పడుతుంది, జంప్ పెరిగినట్టు కనిపిస్తుంది. మాలో అందరూ చేసే పనే ఇది. ఆ రోజు వరుసలో నా ముందున్న సీనియర్ చెవిలో చెప్పింది: "ఒసేయ్, భుజం వదిలెయ్యవే. వాళ్ళు చూసేది చేతిని. భుజాన్ని ఎవడు చూస్తాడు?" వదిలేశాను. నిజానికి నేను ఎగిరినది పందొమ్మిదే. ఈసారి కొలిచిన గుమాస్తా గారు మాత్రం "ఎత్తమ్మా, ఇంకా ఎత్తు" అంటూ నా భుజం చెవికి తగిలేదాకా ఊరుకోలేదు. కావున న్యాయంగా తగ్గినవి నాలుగు అంగుళాలే.

4. ఆ నాలుగూ ఏమైనవో తమరు ఎరుగుదురు. నా కుడి మోకాలు రెండుసార్లు కోశారు. రెండోసారి కుట్లు ఆరకముందే ఫైనల్ ఆడించారు. ఆ కప్పు తమ గదిలో బీరువా మీద ఉన్నది. నేను ఇప్పుడు మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగుతున్నాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు, కొట్టివేయడానికి మనసొప్పలేదు.

5. నాకు ముప్పై ఒకటి నిండినవి. ఈ ఆట తప్ప మరో పని చేతకాదు. పొద్దున్నే వేళ్ళకు టేపు చుట్టుకోకపోతే ఆ చేతులను ఏం చేసుకోవాలో కూడా తెలియదు. భయంగా ఉందండీ.

కావున (అ) నా మొదటి కొలతను పందొమ్మిదిగా దిద్దించి నోటీసు రద్దు చేయవలెననియు, అబద్ధమాడినందుకు ఏ శిక్ష వేసినా జట్టులో ఉంచే వేయవలెననియు, (ఆ) నా మాట మీద నమ్మకం చాలనిచో తమ ఎదుటనే మళ్ళీ కొలిపించవలెననియు ప్రార్థన.

ఆగ్రహించక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఏడో నంబరు

తా.క. కవరు అంటించబోతూ, (ఆ) సంగతి గుర్తొచ్చి, ఇంట్లో గోడ దగ్గర ఎగిరి చూసుకున్నాను. పరీక్ష రోజు వేయించుకున్న నొప్పి తెలియని సూది ఇవాళ లేదు. అక్క స్టూలెక్కి కొలిచి, "పదిహేనే వచ్చిందే, దిగులు పడకు" అని, గబగబా దిగి, గోడ మీది గుర్తులు తుడవడానికి తడిగుడ్డ కోసం వెళ్ళింది. అక్క వచ్చేలోగా నేనెక్కి కొలిచాను. పన్నెండున్నర. అదీ భుజం వదిలేసి. అయ్యా, (ఆ)ను కొట్టివేయుచున్నాను. దయచేసి నన్ను మళ్ళీ కొలవకండి.