అమ్మ జపం చేసే తివాచీ

ఆత్మకూరు

చిరంజీవి రాజశేఖర్‌కు,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. మల్లన్న చల్లని చూపు వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఆ సరిహద్దు చలిలో నువ్వూ బాగుండాలని రెండు పూటలా దీపం దగ్గర అనుకుంటున్నాను.

మొన్న సోమవారం అమ్మ ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని దేవుని గదిలోకి వెళ్ళింది. దీపం వెలిగించి, నువ్వు కాశ్మీరు నుంచి తెచ్చిన తివాచీ మీద కూర్చుని మాల తీసింది. నేను వాకిట్లో ముగ్గు వేస్తూ వింటున్నాను. శివనామం అంటుంది, దగ్గుతుంది. మళ్ళీ అంటుంది, మళ్ళీ దగ్గుతుంది. చివరికి దగ్గే మిగిలింది.

అమ్మకు తివాచీ మెత్తగా ఉందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. దాని సంగతి ఫోనులో చెప్పలేకపోయాను. నీ ఫోను వస్తే అమ్మ నా చేతిలోంచి లాక్కుంటుంది కదా.

శ్రావణం వానకు మిద్దె మీది వాననీళ్ళ గొట్టం వేపాకు చిక్కి పూడింది. గోడ వెంబడి దిగిన నీళ్ళు దేవుని గదిలో నిలిచి తివాచీ మొత్తం తడిసింది. ఎత్తి ఎండలో వేద్దామన్నాను. మన పక్కింటి లక్ష్మన్న నవ్వాడు. "మన సీమలో ఆరనిదేమన్నా ఉండాదా అక్కా? ఫ్యాను వేసి ఇడిసిపెట్టు."

పైన ఆరింది. అడుగున బండకు అంటుకుని తడి అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకు ముక్కిన వాసన మొదలైంది. అమ్మ సాంబ్రాణి వేసింది. వాసన పెరిగితే ఇంకాస్త వేసింది. వచ్చినవాళ్ళు గుడిలో ఉన్నట్టుందనేవారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఇప్పుడు నీకు దాచిన మాట. పోయిన నెల అమ్మకు ఊపిరందక కర్నూలు ఆసుపత్రిలో ఉంచాం. "వానికి సెప్పొద్దు. ఆడ తుపాకీ పట్టుకోని నిలబడేవానికి దిగులెందుకు" అని ఒట్టు పెట్టించుకుంది. నువ్వు ఫోను చేస్తే శ్రీశైలం పోయిందని చెప్పాను. మల్లన్న పేరుతో అబద్ధమాడాను, తమ్ముడూ.

ఇంట్లో చెమ్మ, పొగ ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే సాంబ్రాణి ఆపించాను. తివాచీని మాత్రం అమ్మ ముట్టనివ్వలేదు. "వాడు తెచ్చినప్పటినుంచి దీనిమీదనే కూర్చోని వాని పేరు తలుచుకుంటాండా. వానికి ముల్లు కూడా గుచ్చుకోలా. దీన్ని తీసినాక ఏమన్నా అయితే?"

సోమవారం ఆ దగ్గు విన్నాక ఇక ఊరుకోలేదు. అమ్మను పీట మీద కూర్చోబెట్టి, లక్ష్మన్నను పిలిచి తివాచీ తిరగేశాం. అడుగంతా నల్లటి బూజు. లక్ష్మన్న ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని "ఏందిమా, ఇది తివాచీనా, పుట్టగొడుగుల మడినా?" అన్నాడు.

"నీ ఫ్యాను పంటే కదప్పా" అంది అమ్మ.

గది బండలు వేడినీళ్ళతో రుద్ది కడిగి, కిటికీలు తెరిచి ఆరనిచ్చాం. మిద్దె మీద మంచాలు వేసి, కిందనుంచి గాలి ఆడేలా తివాచీ పరిచాం. వంటసోడా చల్లి దులిపాం. వాసన కొంత తగ్గింది గానీ మచ్చలు పోలేదు. పట్టుకున్నచోటల్లా అడుగు నూలు పిండిలా రాలింది. తడిసిననాడే ఎత్తి రెండు వైపులా ఆరబెట్టి ఉంటే నిలిచేది.

సాయంత్రం దీపం పెట్టాక ముగ్గురం కూర్చున్నాం. అమ్మ దీపం వత్తి సరిచేస్తూ అడిగింది.

"వాడు ఆడ దేనిమీద పండుకుంటాడు?"

"ఒక్కోసారి రాతిమీదనేనంట మా" అన్నాడు లక్ష్మన్న.

"అయితే నాకూ బండే సాలు. వాడు రాతిమీద, నేను రాతిమీద."

మోకాళ్ళ కోసం, ఉతికి ఎండేసుకునే దుప్పటి మడతపెట్టి వేసుకోవడానికి మాత్రం ఒప్పించాం. తివాచీ ఇక ఇంట్లోకి రాదు. వానలకు ముందే లక్ష్మన్న గొట్టానికి జల్లెడ బిగించాలి. అన్నీ తేలాక నేను లేవబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒట్టు తీసేసినా. వానికి అంతా ఉత్తరంలో రాయి." అది కూడా ఆ సాయంత్రం తేలిన మాటే.

ఇట్లు,
నీ పెద్దక్క
కృష్ణవేణమ్మ