గ్లాసు దాకా వచ్చిన చెయ్యి

ఏమండీ,

నమస్కారం. మీరు వెళ్ళిపోయి ఆరు నెలలైంది. ఇక్కడ అందరం కులాసా. హార్బరు ఎర్ర దుమ్ము ఎప్పటిలాగే వసారాలోకి వస్తోంది, ఊడుస్తున్నాను. మీ మీద కోపం మాత్రం ఊడిస్తే పోయేలా లేదు...

నిన్న మీ బావ సన్యాసిరావు అన్నయ్య వచ్చారు. పోర్టు క్వార్టర్స్‌లో మీతో జోడీ కట్టి ఏళ్ళ తరబడి బాల్ బాడ్మింటన్ ఆడిన మనిషి కదా, దండేసిన మీ ఫోటో పక్కన గోడకున్న మీ రాకెట్టు చూసి కళ్ళు తుడుచుకున్నారు. చివరికైనా మీరు నాకు చెప్పే ఉంటారనుకుని అంతా చెప్పేశారు.

మోకాలు నొప్పని ఆట మానేశారు కదా... మోకాలు నిక్షేపంగా ఉండేదట. నేను మాత్రం దానికి రోజూ ఆముదం కాచి రాశాను. చెడింది చెయ్యట. బంతి కోసం విసిరితే బంతిని దాటి పోయేదట. ఇద్దరూ నాకు తెలియకుండా పెద్దాసుపత్రికి వెళ్ళారట. కండరాల్లో లోపం లేదు, మెదడు నుంచి వాటికి వచ్చే ఆజ్ఞే వేళ తప్పుతోందన్నారట డాక్టరు.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని నేను. చెయ్యి గబుక్కున ఒక గురికి పోవాలంటే ముందు తోసే కండరం బిగియాలి. దారిలోనే ఎదుటి కండరం బ్రేకు వెయ్యాలి. ఆఖర్న మొదటిదే మళ్ళీ కాస్త బిగిసి చేతిని గురి మీద నిలపాలి. మీకు ఆ బ్రేకు ఆలస్యంగా పడేది, అంతే. ఈ ముక్క నాకు చెప్పడానికి నోరు రాలేదా?

"ఆవిడికి సెప్తే నా సెయ్యి పాఠమైపోతాది బావా" అన్నారట. బాగుంది.

అసలు దెబ్బ అది కాదు...

పోయినేడాది నుంచి, నేను కాఫీ తెస్తే మీరు చటుక్కున గ్లాసు అందుకోవడం మానేశారు. ముందు నా భుజం మీద చెయ్యి వేసేవారు. అక్కడినుంచి మోచెయ్యి, మణికట్టు, ఆ తర్వాత నెమ్మదిగా గ్లాసు. "తొందరేటి, మనవలున్నోలం" అనేవారు. మనవలు పుట్టాక ఈ మనిషికి ప్రేమ పుట్టిందని మురిసిపోయాను. కాఫీలో పంచదార కూడా ఎక్కువ వేశాను.

అలా దేన్నో ఒకదాన్ని ఆనుకుని పోతే చెయ్యి గురి తప్పదని మీరే కనిపెట్టారట. ఇంట్లో ఆ ఆసరా నేనన్నమాట. కట్టుకున్నదాన్ని మేడమెట్ల కమ్మీ చేశారు.

నన్నా మీరు పట్టుకున్నది... గ్లాసు కోసం దారినా?

ఒకరోజు నేను చీర మడత పెడుతుంటే వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. నా చేతిలో గ్లాసు లేదు. కాసేపు అలాగే ఉంచి వెళ్ళిపోయారు. తూలిపడబోయి పట్టుకున్నారో, ఏమో...

అదెందుకో అన్నయ్యకి తెలిసే ఉంటుంది. నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఇకమీదా అడగను. అడిగి, ఆ ఒక్కటీ పోగొట్టుకోను.

కోపంతోనే,
మీ సరస్వతి