మెట్ల మీద కుండీలు వద్దు

అమ్మా,

నువ్వు ఫోన్ ఎత్తట్లేదు, అందుకే రాస్తున్నాను. నా తెలుగు రాత చూసి నవ్వకు. తుఫాను వస్తోందని డ్యూటీకి పిలిచారు, ఫీనిక్స్ బే జెట్టీకి వెళుతున్నాను.

నిమ్మచెట్లు రెండూ పూత మీదున్నాయి. కుండీల్ని గోడవారకి జరిపి నీ పాత నూలుచీర కప్పు. సునామీ అప్పుడిచ్చిన తార్పాలిన్ మాత్రం కప్పకు, పోయినసారి దాని కింద ఉక్కకే పూతంతా రాలిపోయింది. బరువు నువ్వు ఎత్తకు. పక్కింటి రఫీక్ భయ్యా "ఫికర్ మత్ కరో దీదీ, నేనొచ్చి జరుపుతా" అన్నాడు. గాలి తగ్గాక పూల మీది ఉప్పు పోయేలా మంచినీళ్ళు చల్లు. డ్రమ్ములో నీళ్ళు అందుకే ఉంచాను, గిన్నెలు తోమడానికి వాడెయ్యకు.

మెట్ల మీద ఒక్క కుండీ కూడా పెట్టొద్దు. అక్కడ గాలి తగలదని ప్రతిసారీ అదే పని చేస్తావు, ఎంత చెప్పినా వినవు. మేడ మీదికి మనకున్న దారి అదొక్కటే. నీళ్ళు లోపలికొస్తే అన్నీ వదిలేసి ఎక్కెయ్.

సుమ

చీర గట్టిగా బిగించకు, పువ్వులు నలుగుతాయి. అమ్మా, సునామీ రోజు నాన్న కూడా మనతో పాటు మేడెక్కాడు. "ఒక్క కుండీయే కదా, తెచ్చేస్తా" అనే మళ్ళీ కిందికి దిగాడు.